రాయగడ వానలకి తట్టుకునే పాప స్క్రాప్‌బుక్: కాగితం, జిగురు, రాత గురించి సలహా కావాలి

రాయగడ_కోడలు
అందరికీ నమస్కారం, ఒడిశాలోని రాయగడ నుంచి రాస్తున్నా. పాపకి 14 నెలలు. పుట్టక ముందు నుంచి నేటిదాకా దాచినవన్నీ ఒక మిఠాయి డబ్బాలో ఉన్నాయి: స్కానింగు ప్రింట్లు రెండు, ఆసుపత్రిలో చేతికి కట్టిన పట్టీ, టీకాలు రాసే మమత కార్డు, 21వ రోజు బారసాల నాటి అక్షింతల పొట్లం (పక్కింటి ఒడియా వాళ్ళు దీన్నే ఏకోయిశా అంటారు), పుట్టువెంట్రుకల్లో నాలుగు, మా అత్తగారు కాన్పు తర్వాత పథ్యం గురించి రాసిచ్చిన చీటీ. ఇవి కాక ఫోన్లో వేల ఫోటోలు.

12 అంగుళాల స్క్రాప్‌బుక్కులు ఇక్కడ దొరకవు, ఏ4 సైజులో చేద్దామనుకుంటున్నా. డ్రాయింగు పుస్తకంలో రెండు పేజీలు ఫెవికాల్‌తో అంటించి చూస్తే పేజీ అలలు అలలుగా లేచింది, పుస్తకం మూతపడటం లేదు. నా సందేహాలు:

ఏ కాగితం, ఏ బైండింగు? జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడి తడికి బూజు పట్టకుండా ఎలా? ఫోటోలు చూస్తే అన్నీ పండగలూ ఫంక్షన్లూ, మామూలు రోజులవి లేవు, దానికి ఏం చెయ్యాలి? ఆఖరిది, పాప రేపు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతుంది, తెలుగు చదవడం వస్తుందో రాదో. మరి ఏ లిపిలో రాయాలి?

బరంపురం_బైండింగు
అమ్మా, ముందు ఆ స్కానింగు ప్రింట్ల సంగతి చూడండి, మిగతావి ఆగుతాయి, అవి ఆగవు. అది వేడి తగిలితే నల్లబడే థర్మల్ కాగితం. వెలుతురుకీ ఎండకీ బొమ్మ వెలిసిపోతుంది. దాచుకుందామని లామినేషన్‌కి ఇస్తే ఆ యంత్రం వేడికి మొత్తం నల్లటి రేకై తిరిగొస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లో పెట్టినా ఆ ప్లాస్టిక్‌లోని నూనెలాంటి పదార్థం బొమ్మని తినేస్తుంది. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయించి ఫోటో ల్యాబ్‌లో ప్రింటు తీయించండి, పుస్తకంలోకి ఆ ప్రింటు. అసలుది మామూలు తెల్ల కాగితంలో మడిచి చీకట్లో ఉంచండి. దుకాణం బిల్లులు, ఏటీఎం చీటీలు కూడా ఇదే జాతి.

మమత కార్డు అంటించకండి, దానికి చిల్లు కూడా వద్దు. టీకాలకి తీసుకెళ్ళాల్సిన కార్డు అది, జిరాక్సు చాలు. జనన ధ్రువపత్రం కూడా అంతే. ఆధార్ నంబరు కనబడే కాపీ అయితే నంబరు మీద కాగితం ముక్క కప్పి జిరాక్సు తీయించండి, ఆ పుస్తకం రేపు పది చేతులు మారుతుంది.

ఇక కాగితం. డ్రాయింగు పుస్తకం కాగితం పల్చన, తడి తగిలితే లేస్తుంది. పెళ్ళికార్డులు వేసే ప్రెస్సుకెళ్ళి 250 జీఎస్ఎం (చదరపు మీటరుకి 250 గ్రాముల బరువు) ఐవరీ అట్ట అడగండి, ఏ4 కింద కోసి ఇమ్మంటే కటింగ్ మిషన్ మీద ఒక్క వేటుకి కోస్తారు. పాలిష్ ఉన్న ఆర్టు కార్డు వద్దు, పెన్ను సిరా దాని మీద ఆరదు. రాయగడలో కాగితం మిల్లు పక్కనే ఉన్నా, జిరాక్సులకి వాడే 75 జీఎస్ఎం కాగితం పేజీకి పనికిరాదు. రాసి అంటించే చీటీలకి మాత్రం బాగుంటుంది.

ఆ అట్ట పచ్చబడే రకమా కాదా అన్నది ఇంట్లోనే తేల్చొచ్చు. ఒక చీలిక కోసి సగం మీద స్టీలు స్కేలు పెట్టి, ఎండ పడే కిటికీలో మూడు వారాలు వదిలేయండి. స్కేలు తీశాక రెండు సగాలకీ రంగు తేడా తెలిసిపోతే ఆ గుజ్జులో చెక్క నుంచి వచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఉన్నట్టు. న్యూస్ పేపరు పచ్చబడేది దీనివల్లే. తేడా లేకపోతే తీసుకోండి.

మీ పేజీ అలలు లేచిందంటే తప్పు ఫెవికాల్‌ది మాత్రమే కాదు. అది నీళ్ళతో చేసిన జిగురు. కాగితంలో పోగులు ఒక వైపుగా పడుకుని ఉంటాయి, తడి తగిలితే అడ్డంగా ఉబ్బుతాయి, ఆరేటప్పుడు అన్నీ ఒకేలా కుదించుకోవు. పోగు వరస ఎటో తెలియాలంటే అట్టని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తేలిగ్గా వంచండి. ఎటు సులువుగా వంగితే మడత గీతకి సమాంతరంగా పోగులున్నట్టు. ఆ వరస కుట్టు అంచుతో పాటు నిలువుగా ఉండేట్టు కోయించండి, పేజీ చక్కగా తిరుగుతుంది.

ఫోటోలకి 6 మిల్లీమీటర్ల డబుల్ సైడ్ టేపు, నాలుగు అంచులకీ చిన్న ముక్కలు, మధ్యలో వద్దు. సెల్లో టేపు అసలు ముట్టకండి, కొన్నేళ్ళకి గోధుమరంగు తిరిగి దాని జిగురు ఫోటోలోకి దిగుతుంది. మళ్ళీ దొరకని పాత ఫోటోలకి టేపు కూడా వద్దు, మూల తొడుగులు వాడండి. మీరే చేసుకోవచ్చు: 3 సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు కాగితం ముక్క తీసుకుని, పై అంచు నడిమి నుంచి రెండు పక్కలనీ కిందికి మడిస్తే త్రికోణం సంచీ అవుతుంది. ఫోటో మూల అందులో దూర్చి, సంచీ వెనక మాత్రం టేపు వెయ్యాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోటో బయటికొస్తుంది.

పుస్తకం మూతపడకపోవడానికి లెక్క చెప్తాను. అట్ట మందం 0.3 మిల్లీమీటర్లు అనుకోండి. రెండు వైపులా ఫోటో, టేపు కలిపితే ఆ పేజీ ఒక మిల్లీమీటరుకి వస్తుంది. 20 పేజీలకి బయటి అంచు 20 మిల్లీమీటర్లు, కుట్టు దగ్గర 6 మాత్రమే. విసనకర్రలా విచ్చుకోక ఏం చేస్తుంది? అందుకే ప్రతి రెండు పేజీల మధ్యా కుట్టు అంచున అదే అట్టతో 2.5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు రెండేసి పెట్టాలి. అప్పుడు కుట్టు దగ్గర పేజీకి 0.9 వస్తుంది, రెండు అంచులూ దాదాపు సమానం. 20 పేజీలకి 38 పట్టీలు. ఖాతా పుస్తకాలు కుట్టే ఏ బైండరుకి చెప్పినా అర్థమవుతుంది, ఎందుకంటే పాత ఫోటో ఆల్బములు అలాగే కుట్టేవారు. ఖాళీ పుస్తకం ముందు కుట్టించి తర్వాత అంటించుకోవచ్చు. పట్టీ అవతల అంచు దగ్గర ప్రతి పేజీకీ సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఒక గీత గట్టిగా లాగించండి, లేకపోతే దళసరి అట్ట పూర్తిగా తెరుచుకోదు.

ఉబ్బెత్తు స్టిక్కర్లు, ఫోమ్ టేపు, గుండీలు, పూసలు వద్దు. ఎదురు పేజీలో ఫోటో మీద గుంట పడుతుంది. ఒకవేళ తప్పదంటే మొదటి పేజీలోనో ఆఖరి పేజీలోనో.

పర్లాకిమిడి_టీచరు
చెల్లీ, అన్నగారు కాగితం గురించి చెప్పేశారు కాబట్టి రాత సంగతి నేను చెప్తాను. నా మటుకు ఫోటో కన్నా దాని పక్కన రాసిన నాలుగు ముక్కలే ఎక్కువ విలువ. స్క్రాప్‌బుక్ అనగానే అందరూ స్టిక్కర్ల దగ్గర మొదలెడతారు, రాసే చోటు మిగలదు. పేజీలో మూడో వంతు ముందే రాతకి వదిలెయ్యండి, ఆ తర్వాతే ఫోటో పెట్టి చూసుకోండి.

మామూలు రోజు పేజీకి ఒక పద్ధతి. ఏ పండగా లేని ఒక మంగళవారం ఎంచుకోండి. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా గంటకొక ఫోటో, బాగుందా లేదా అని చూడకుండా తీసెయ్యడమే. పాల గిన్నె, ఆరేసిన లంగోటాలు, తలుపు దగ్గర చెప్పులు, ఉయ్యాల చీర ముడి, అంట్ల గది, పొయ్యి మీద ఉగ్గు, సాయంత్రం కరెంటు పోయినప్పటి దీపం. వాటిల్లో పన్నెండు ఏరండి. 4×6 ప్రింటు ఒక్కటి కొంటే అందులో 2×3 అంగుళాల ఫోటోలు నాలుగు పడతాయి, ఫోన్లోనే కొలాజ్ చేసి ఇవ్వొచ్చు. పన్నెండుకి మూడు ప్రింట్లతో సరి. ఎదురెదురు పేజీల్లో ఆరేసి, అడ్డంగా రెండు, నిలువుగా మూడు చొప్పున పెడితే కుట్టు పోను పక్కన మూడంగుళాల జాగా ఉంటుంది, అందులో రాత. ఇలా ఏడాదికి నాలుగు చాలు: ఎండాకాలం ఒకటి, వానల్లో ఒకటి, చలిలో ఒకటి, నాలుగోది మీ ఇష్టం. ప్రతి నెలా చేద్దామనుకుంటే మూడో నెలకే వదిలేస్తారు.

ఏం రాయాలి అంటే, ఫోటోలో కనబడనిది. "పాప నవ్వుతోంది" అని రాయక్కర్లేదు, కనబడుతూనే ఉంది. ఫోటో తీసినది ఎవరు, అప్పుడు ఏ మాట అంది, ఆ రోజు పాల పాకెట్టు ఎంత, ఆటోకి ఎంత ఇచ్చారు, ఎవరి ఒళ్ళో పడుకుంది, ఏ పాటకి నిద్రపోయేది. తేదీతో పాటు వారం, ఊరు. వరసలు రాసేటప్పుడు "అత్త" అని ఒట్టిగా వదలకండి, మేనత్తా, మేనమామ భార్యా, పక్కింటావిడా అన్నది ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరికీ తెలియదు. చిన్న ఫోటో వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే గీతలు ముందుకి తేలతాయి, ఫోటో పక్కన పేజీ మీదే రాయండి.

లిపి సంగతి. రెండూ రాయండి, కానీ ఒకేలా కాదు. మీ మాటలు మీ తెలుగులోనే, మీరు మాట్లాడే తీరులోనే. దాన్ని ఒడియాలోకి మార్చబోతే మీ గొంతు పోతుంది. ఫోటో కింద పేరు, ఊరు, తేదీ, వరస మాత్రం ఒడియా లిపిలో ఒక గీతలో ఎవరిచేతనైనా రాయించండి. పాప బడికెళ్ళాక తనే చదువుకుంటుంది, తెలుగు దేని గురించో పట్టుకోగలుగుతుంది. అక్షరాలు నేర్పడానికి ఆ పుస్తకమే పనికొస్తుంది కూడా.

పాప మాటలకి ఒక పేజీ విడిగా ఉంచండి. మన జిల్లాల పిల్లలు రెండు భాషలూ కలిపి కొడతారు, "పాణి తాగుతా" అంటారు, అలాగే రాయండి, దిద్దకండి. ప్రతి మాట పక్కనా ఎవరి దగ్గర నేర్చిందో రాస్తే ఇంకా మంచిది. ఒక జాగ్రత్త: మనకి జేజే అంటే దేవుడు, ఒడియాలో జేజే అంటే తాతగారు. మనం నానీ అని పిల్లల్ని ముద్దుగా పిలుస్తాం, వాళ్ళకి నానీ అంటే అక్క. "జేజే దగ్గరికి వెళ్ళింది" అని రాసి ఊరుకుంటే గుడికా తాతగారింటికా అని రేపు తగువు.

అత్తగారి పథ్యం చీటీ మొత్తం పుస్తకంలో అన్నిటికన్నా విలువైనది. అంటించకండి. ఏ4 లో సగం కాగితాన్ని మూడు వైపులా టేపు వేసి జేబులా చేసి అందులో పెట్టండి. రంగు జిరాక్సు ఒకటి పక్క పేజీలో. కొలతలు "గుప్పెడు", "చిటికెడు" అని ఉంటే ఆవిణ్ణే అడిగి గ్రాముల్లో మీరు పక్కన రాసుకోండి, వాము ఎంత, శొంఠి ఎంత అని. చీటీ మీద మాత్రం రాయకండి.

పెన్ను విషయం మర్చిపోయాను. మామూలు జెల్ పెన్ను వాన చెమ్మకి పాకుతుంది. నీటికి కరగని పిగ్మెంట్ ఇంకు పెన్ను, 0.5 మొన, నలుపు. ఏ పెన్నైనా అదే అట్ట ముక్క మీద రాసి, ఒక రోజు ఆరాక నీటి చుక్క వేసి చూడండి. చుక్క రంగు తిరిగితే వద్దు.

బల్లార్షా_పిన్ని
మాది మహారాష్ట్ర వైపు, చంద్రపూర్ జిల్లా. మీకు వాన బాధ, మాకు ఎండ బాధ. మే నెలలో 45 డిగ్రీలు దాటితే చవక డబుల్ సైడ్ టేపు జిగురు కరిగి అంచుల నుంచి బయటికొస్తుంది, దానికి దుమ్ము పట్టి నల్లగీత పడుతుంది, ఎదురు పేజీ అంటుకుపోతుంది. రాయగడలో ఇంత ఉండదు కానీ, రేకుల కింద గదిలో అయితే తక్కువేం కాదు. పసుపురంగు ఫోమ్ లాంటి టేపు కాకుండా, పల్చటి అక్రిలిక్ జిగురు టేపు అడిగి తీసుకోండి.

బైండింగు విషయంలో బరంపురం అన్నయ్యగారితో నాకు పేచీ ఉంది. కుట్టు పుస్తకం అందంగా ఉంటుంది, నిజమే. కానీ పసిపిల్లల తల్లికి వరసగా చెయ్యడం కుదరదు. ఇవాళ ఆరో నెల పేజీ, రేపు రెండో నెల పేజీ. పేజీలు ముందు వెనకలు చెయ్యాలంటే డీ ఆకారం రింగుల ఫైలు నయం. గుండ్రటి రింగు వద్దు, పేజీలు రింగు వంపుకెక్కి చిరుగుతాయి. రెండు చిల్లుల మధ్య 8 సెంటీమీటర్లు, ఆఫీసు పంచింగ్ మిషన్ దూరం అదే. పేజీని ప్లాస్టిక్ జేబులో పెడితే చిల్లు పేజీకి కాకుండా జేబుకే పడుతుంది, పిల్ల చేతి జిడ్డూ అంటదు.

ఆ జేబు పాలీప్రొపిలీన్ అయ్యుండాలి, పీవీసీ కాదు. ముక్కుతోనే తెలుస్తుంది: కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే పీవీసీ, వదిలెయ్యండి. నలిపితే గరగరలాడి వాసన లేకపోతే తీసుకోవచ్చు.

ప్రింట్ల గురించి. ఫోన్ ఫోటో 4:3 కొలత, 4×6 కాగితం 3:2. ల్యాబ్ వాళ్ళు నింపడానికి పైనా కిందా కోసేస్తారు, అడ్డం ఫోటోలో పావంగుళం చొప్పున పోతుంది. దగ్గరగా తీసిన మొహాలకి నుదురో గడ్డమో ఎగిరిపోయేది అందుకే. తెల్ల అంచుతో మొత్తం ఫోటో వచ్చేలా వెయ్యమని చెప్పండి. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్ళకి కుదిస్తుంది. 4×6 కి అది సరిపోతుంది, ఏ4 అంత పెద్దది చేస్తే మసక. డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్. ఇంటి ఇంక్‌జెట్ ప్రింట్లు మీ వానలకి పాకుతాయి, ల్యాబ్ ప్రింటే మేలు.

బరంపురం_బైండింగు
పిన్నిగారి మాట ఒప్పుకుంటాను, మొదటి రెండేళ్ళకి రింగు ఫైలే సుఖం. రెండేళ్ళయ్యాక ఏరి కుట్టించుకోవచ్చు, అంచున 2.5 సెంటీమీటర్లు ఖాళీ వదలడం మాత్రం ఇప్పట్నుంచే చెయ్యాలి. ఒక్క అభ్యంతరం. వానాకాలంలో పేజీ జేబులో పెడితే లోపల తడి బయటికి పోదు. అంటించిన పేజీని రెండు రోజులు గదిలో ఆరబెట్టి, ఎండ ఉన్న రోజున జేబులోకి మార్చండి. జేబు నోరు టేపుతో మూసెయ్యకండి.

బూజు గురించి నేనింకా చెప్పలేదు. గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే నిలిస్తే బూజు మొదలవుతుంది, 35 నుంచి 50 మధ్య కాగితానికి హాయి. 300 రూపాయల లోపే చిన్న తేమ మీటరు దొరికితే కొనుక్కోండి, ఊహ మీద నడవక్కర్లేదు. గట్టి మూత ఉన్న డబ్బా, అందులో 50 గ్రాముల సిలికా జెల్ పొట్లాలు రెండు. నారింజ నుంచి ఆకుపచ్చకి తిరిగే రకం తీసుకోండి, నీలం రంగు దానిలో కోబాల్టు ఉంటుంది, పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. రంగు మారాక ఓవెన్‌లో 110 డిగ్రీల్లో గంటన్నర వేడి చేస్తే మళ్ళీ పనిచేస్తుంది. డబ్బా బీరువా నడిమి అరలో, బయటి గోడకి ఆనకుండా. పుస్తకాన్ని పడుకోబెట్టండి, నిలబెడితే బరువుకి కుట్టు దగ్గర జారుతుంది.

నాఫ్తలిన్ గోళీలు పెట్టకండి. కాగితం తినే రామబాణం పురుగు పోతుందని పెడతారు గానీ, జీ6పీడీ లోపమున్న (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) పసిబిడ్డలకి ఆ వాసనతోనే రక్తకణాలు విరిగిపోయే ప్రమాదం ఉంది. వేపాకు పెడితే బాగా ఎండినదే, పచ్చిది పెడితే మీరే తడి దాచినట్టు.

బూజు పట్టేస్తే తడిగుడ్డతో తుడవకండి, లోపలికి దిగుతుంది. నీడలో గాలికి పూర్తిగా ఆరనిచ్చి, పెరట్లో మూతికి గుడ్డ కట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులపాలి.

రాయగడ_కోడలు
అందరికీ చాలా థాంక్స్. రింగు ఫైలుతో మొదలెడతాను. ఇంకో మూడు అడుగుతాను: అక్షింతలు, పుట్టువెంట్రుకలు ఎలా పెట్టాలి? కాలి ముద్ర తీసుకోలేదు, ఇప్పుడు తీయొచ్చా, పారాణితో? ఫోటోలన్నిటిలో నేను లేను, తీసేది నేనే కదా.

పర్లాకిమిడి_టీచరు
పారాణి వద్దు చెల్లీ, అందులో సున్నం ఉంటుంది, పిల్ల చర్మానికి మంట. స్టాంపు ప్యాడ్ సిరా కూడా వద్దు. పిల్లల కోసమని రాసి ఉన్న, నీళ్ళకి పోయే రంగు తీసుకుని స్పాంజితో పల్చగా అద్దండి. చాలామంది ఎక్కువ పూస్తారు, అప్పుడు వేళ్ళు కలిసి ముద్దగా వస్తుంది. పాప నిద్రలో ఉండగా, కాగితాన్ని గట్టి అట్టకి క్లిప్పు పెట్టి, కాలిని కాగితం మీదికి లాగకుండా కాగితాన్నే కాలి దగ్గరికి తీసుకెళ్ళండి. మడమ మొదట, తర్వాత వేళ్ళ వైపు ఒక్కసారి దొర్లించి తియ్యండి. మూడు కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి, రెండోదే సాధారణంగా బాగుంటుంది, మొదటిదానికి రంగెక్కువ. 14 నెలలంటే నిద్రలేస్తే మీ చీర మీద కూడా ముద్ర పడుతుంది. పేజీలో ముద్ర పక్కన అప్పటి చెప్పు సైజు రాయండి.

మీరు లేని సంగతికి: మొహమే అక్కర్లేదు. ఉగ్గు పెట్టే చెయ్యి, జడ వేసే వేళ్ళు, ఎత్తుకున్నప్పటి నీడ గోడ మీద. ఫోన్ని బియ్యం డబ్బాకి ఆనించి పది సెకన్ల టైమరు పెట్టండి, లేదా వీడియో తీసి అందులోంచి ఒక బొమ్మ ఆపి తీసుకోండి, 4×6 కి అది చాలు. వారానికొకసారి ఫోన్ ఇంట్లో ఇంకొకరి చేతికి ఇచ్చెయ్యండి, అడిగి మరీ తీయించుకోండి.

బల్లార్షా_పిన్ని
అక్షింతలు అంటించొద్దు. బియ్యానికి పురుగు పడుతుంది, పసుపు పేజీకి అంటుతుంది, నూనో నెయ్యో కలిపి ఉంటే మరక పాకుతుంది. ఫోటో తీసి పేజీలో పెట్టండి, గింజలు దేవుడి గదిలో ఉంచండి. అలాగే బొడ్డుతాడు ముక్క దాచి ఉంటే తాయెత్తులోనే ఉండనివ్వండి. వెంట్రుకలకి తల నూనె ఉంటే ముందు సబ్బు నీళ్ళతో కడిగి రెండు రోజులు ఆరబెట్టి, దారంతో కట్టి చిన్న బటర్ పేపరు పొట్లంలో. ఆసుపత్రి పట్టీ ప్లాస్టిక్‌ది కదా, ఫోటోకి తగలకుండా వేరే జేబులో పెట్టండి, దాని మీద సిరాతో రాసిన పేరూ టైమూ వెలిసేలోపు ఇవాళే ఫోటో తీసి, పేజీ మీద ఆ అంకెలు మీ చేత్తో మళ్ళీ రాసుకోండి.